కలవని మూడు గీతలు

నా చిన్నప్పుడు శ్రీచక్రాన్ని ఎదురుగా పెట్టి దండం పెట్టుకోమంటే నాకు భక్తి కలిగేది కాదు, ఒళ్ళు మండేది. చూసేవాళ్ళకు ఆ బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. గీసేవాళ్ళ అవస్థ గీసేవాళ్ళకే తెలుస్తుంది. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక వేసవి సెలవులన్నీ దాన్ని గీయడం, చెరపడం, మళ్ళీ గీయడంతోనే గడిచిపోయాయి.

మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, చంద్రగిరిలో రాగిరేకుల మీద యంత్రాలు చెక్కేవాడు. గుళ్ళో విగ్రహాన్ని నిలబెట్టే ముందు పీఠం కింద గుంటలో యంత్రం పెడతారు. దానిమీద విగ్రహం నిలిచాక ఆ రేకును ఇక ఏ కన్నూ చూడదు. ఇళ్ళల్లో పెట్టుకునేవి చిన్నవి. వాటికి రోజూ కుంకుమతో పూజ చేస్తారు. రెంటికీ మా తాత ఒకే శ్రద్ధ చూపేవాడు. విగ్రహం దేవుడి ఒళ్ళయితే యంత్రం దేవుడి ఇల్లు అని చెప్పేవాడు. శ్రీచక్రం అనే ఇంటికి బయట నాలుగు వాకిళ్ళు, లోపల పదహారు దళాల తామర, దాని లోపల ఎనిమిది దళాల తామర, ఆ లోపల త్రికోణాల గుంపు, అన్నిటికీ నడుమ ఒక చుక్క ఉంటాయి. పూజ చేసేవాళ్ళు వాకిలి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క ఆవరణా దాటుకుంటూ ఆ చుక్క దగ్గరికి చేరతారు. మేము చెక్కేటప్పుడు త్రికోణాలు ముందు, దళాలు తర్వాత, వాకిళ్ళు చివర.

పెద్ద త్రికోణాలు తొమ్మిదే. నాలుగు పైకి చూస్తాయి, అవి శివుడివి. ఐదు కిందికి చూస్తాయి, అవి అమ్మవారివి. ఇవి ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయి నలభై మూడు చిన్న త్రికోణాలవుతాయి. చిక్కంతా ఎక్కడంటే, చాలాచోట్ల మూడు గీతలు ఒకే చోట కలవాలి. రెండు గీతలు ఎక్కడో ఒకచోట ఎలాగూ కలుస్తాయి. మూడోది కూడా సరిగ్గా అక్కడికే రావాలి. రాకపోతే ఆ చోట నువ్వుగింజంత ఖాళీ పడుతుంది. ఆ ఖాళీ పడిందంటే తాత బొమ్మ మొత్తం చెరిపెయ్యమనేవాడు.

ఆ ఏడు ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఎదురుగా వచ్చేది ఎవరో పోల్చుకునేవాడు, సన్న గీత మాత్రం కనబడేది కాదు. ఆపరేషన్ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. సెలవులకు చిత్తూరు నుంచి వచ్చిన నన్ను కూర్చోబెట్టి గీసే పని అప్పజెప్పాడు. ముందు నల్లటి చెక్కపలక మీద సుద్దముక్కతో గీసి సరిచూసుకోవాలి. అది కుదిరాక, రాగిరేకు మీద పలచగా సుద్దనీళ్ళు పూసి ఆరబెట్టి, ఉక్కుసూదితో అదే బొమ్మ గీరాలి. సూది పడిన గాడి వెంబడి తాత ఉలి నడిపేవాడు. గాడి ఉంటే కళ్ళతో పని లేదు, చేతికే దారి తెలుస్తుందనేవాడు.

ఆయన ధీమా ఆయనది. నా కష్టం నాది. వీధిలో పిల్లలందరూ కోట వైపు పరుగెత్తుతుంటే నేను నట్టింట్లో పలక ముందు మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. చెరిపీ చెరిపీ పావడా నిండా సుద్దపొడి. అన్నానికి రమ్మని మా అవ్వ పిలిస్తే, ఆ గీత అయ్యాకే లెమ్మని తాత. ఆ గీత ఎంతకీ అయ్యేది కాదు. ఇంత పెద్ద బొమ్మలో నువ్వుగింజంత తప్పుంటే ఏం మునిగిపోతుందో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, "కలిస్తే తెలుస్తుంది పాపా" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

ఆ రోజుల్లోనే ఐరాల దగ్గర ఒక పల్లె నుంచి పని వచ్చింది. వాళ్ళ ఊళ్ళో అమ్మవారికి కొత్తగా గుడి కట్టుకున్నారు. పీఠం కింద పెట్టడానికి జానెడు వెడల్పున శ్రీచక్రం కావాలి. మా తాత గుడికి యంత్రం చెక్కి చాలా నెలలైంది. కళ్ళు పోయాయన్న మాట ఊరూరా పాకడంతో ఎవరూ వచ్చేవారు కాదు. వీళ్ళు వచ్చారు. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన వెలుగు నాకిప్పటికీ గుర్తుంది.

పది రోజులు పట్టింది నేను పలక మీద ఒక బొమ్మ కుదుర్చుకోవడానికి. తర్వాత రాగిరేకు మీద సూదితో గీరడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే తిరుపతిలో ఉన్న మా పెద్దమ్మ కబురు పంపింది. మర్నాడు పొద్దున్నే వాళ్ళు పిల్లలతో కలిసి అలిపిరి నుంచి మెట్ల దారిన కొండకు నడుస్తారట, నన్నూ పంపమని. నేను ఎగిరి గంతేశాను. గీరడం అయ్యాకే పోవాలన్నాడు తాత.

ఆ సాయంత్రం నేను చివరి త్రికోణం గీరాను. ఎడమవైపు, కింద నుంచి రెండో వరసలో, ఒకచోట మూడో గీత పక్కకు పోయింది. చూశాను. స్పష్టంగా చూశాను. అది తెలియక జరిగిందని ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు నేను చెప్పుకోలేను.

"కలిసినాయా పాపా?" అని అడిగాడు తాత.

"కలిసినాయి తాతా."

"అన్నీనా?"

"అన్నీ."

తాత తలూపి ఉలి అందుకున్నాడు. నేను జడ వేయించుకోవడానికి అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

కొండ నాకు ఒంటపట్టలేదు. మెట్లెక్కుతుంటే పెద్దమ్మ పిల్లలు గోవిందా అంటున్నారు, నేనూ అంటున్నాను, కానీ మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమల బొట్లు పెట్టుకుంటూ పోతున్న ఒకావిడ వెనక నా నడక నెమ్మదించింది. ఆమె ఒక్క మెట్టు కూడా వదలడం లేదు. వదిలినా ఎవరు చూస్తారు? అన్ని వేల మెట్లు. నాకు ఆమె మీద ఎందుకో కోపం వచ్చింది.

రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చేసరికి తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చెక్కడం పూర్తయిన రేకు ఒళ్ళో ఉంది. బొటనవేలి గోరు దానిమీద మెల్లగా తిరుగుతోంది. ఒకచోట ఆగుతోంది. మళ్ళీ తిరిగి అక్కడికే వస్తోంది. నేను వచ్చిన అలికిడి విని గోరు ఆపాడు.

"కొండ బాగుండిందా?"

"బాగుండింది."

"దర్శనమయిందా?"

"అయింది."

ఇంకేమైనా చెబుతానేమోనన్నట్టు కాసేపు నా వైపు తల తిప్పి ఉంచాడు. నేను లడ్డూ అవ్వకివ్వాలని లోపలికి పోయాను. తర్వాత చాటుగా వచ్చి రేకు చూశాను. సూదిగీతగా ఉన్నప్పుడు వెంట్రుకవాసిగా కనిపించిన తప్పు, ఉలి పడ్డాక రాగిలో చిన్న నోరు తెరుచుకుని ఉంది.

మర్నాడు పొద్దున ఐరాల వైపు నుంచి గుడి పెద్ద వచ్చాడు. నెరిసిన మీసాల మనిషి, మెత్తని మాట. ఆయన వెంట అన్న కొడుకు కూడా వచ్చాడు. గుడికి కావలసిన సరుకులన్నీ తిరిగి తెచ్చేది ఆ అబ్బాయేనట.

"అయిందాప్పా?" అన్నాడు గుడి పెద్ద కూర్చుంటూ.

"అయింది. కానీ ఇయ్యలేను. తప్పుండాది" అన్నాడు తాత.

గుడి పెద్ద రేకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "యాడుండాది? నాకేం కనపడలా."

"నీకు కనపడదు. నాకూ కనపడదు. గోటికి తగల్తా ఉండాది."

"భూమిలోకి పొయ్యేదే గదప్పా. పైన అమ్మ నిలబడతాది. ఎవురు సూస్తారు?"

"ఎవురూ సూడరు. తప్పు నాదే, నేనే చెప్తా ఉండా. నాలుగు దినాలియ్యి. ఐదో దినం ముహూర్తానికి నేనే తెచ్చిస్తా."

ఆ మాటకు అన్న కొడుకు లేచి నిలబడ్డాడు. "నేను ముందే చెప్పినా చిన్నాయనా. ముసిలాయనకు కండ్లు పొయినాయి, వద్దంటే ఇన్నావా? చిత్తూర్లో అంగట్లో అయితే రొండు నిమిషాల్లో ఇచ్చిండేవాళ్ళు."

గుడి పెద్ద అతణ్ణి ఊరుకోమన్నాడు గానీ మాట పడనే పడింది. తాత తల వంచుకుని రేకును గుడ్డలో చుట్టుకున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి అంతా విన్నాను. నేను గీసిందే తప్పని ఆయన చెబుతాడేమోనని మొదట భయపడ్డాను. చెప్పకపోయేసరికి ఎక్కడ లేని కోపం వచ్చింది. తిట్టొచ్చు కదా. చెవి మెలేయొచ్చు కదా. అందరి ముందూ ఆ మాట తను పడటమెందుకు? వాళ్ళు వెళ్ళాక కూడా ఆయన అన్నది ఒకటే. "పలక కడుక్కోని రా పాపా."

ఆ నాలుగు రోజుల్లో మొదటి రెండు రోజులూ నరకం. ఎలా గీసినా మూడో గీత పక్కకే పోయింది. నేను కలవని చోటే చెరిపి, గీతను కాస్త వంచి బలవంతంగా కలిపేదాన్ని. అక్కడ కలిసేది, పక్కన ఇంకోచోట విడిపోయేది. దాన్ని సర్దితే మరోచోట. రెండోరోజు మధ్యాహ్నానికి నాకు ఏడుపొచ్చి సుద్దముక్కను గోడకేసి కొట్టాను.

తాత వచ్చి పలక ముందు కూర్చున్నాడు. కలవని చోటు ఎక్కడో అడిగి, దానిమీద తన అరచెయ్యి కప్పేశాడు.

"ఈడ ఇంగ సూడొద్దు. ఇది కనపడే చోటు. తప్పు జరిగిన చోటు ఇది కాదు. పైకి పో. మొదుట్నుంచి ఏమేం చేసినావో చెప్పు."

చెప్పాను. ముందు వలయం గీస్తాను. నడుమ నిలువుగీత గీస్తాను. నలభై ఎనిమిది గాట్లున్న రాగిపట్టీని ఆ నిలువుగీత మీద పెట్టి తొమ్మిది చుక్కలు పెడతాను. ఆ చుక్కల మీదుగా తొమ్మిది అడ్డగీతలు. వాటి మీద త్రికోణాలు.

"పట్టీ యాడ నుంచి పెడ్తావు?"

"వలయం అంచు నుంచి."

"ఏ అంచు? బయటిదా, లోపలిదా?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. గీతకు రెండు అంచులుంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. వంగి చూశాను. నా సుద్దముక్క అరిగి మొద్దుబారింది. వలయం గీత జొన్నగింజంత మందం ఉంది. ఒకసారి బయటి అంచు నుంచి, ఇంకోసారి లోపలి అంచు నుంచి కొలుస్తూ వచ్చాను. అక్కడ పోయిన జొన్నగింజే కిందికి వచ్చి మూడో గీతను తోసేస్తోంది.

తాత నన్ను ఆ చోటు చూడనివ్వలేదు. పలకంతా చెరిపించి, సుద్దముక్కను మొనగా చెక్కించి, అదే చోటును అరచేత్తో కప్పి, మళ్ళీ మొదటి నుంచి గీయించాడు. గీత అటు వచ్చినప్పుడు ఎత్తి, దాటగానే మళ్ళీ అక్కడే పెట్టిన ఆ చెయ్యి పూర్తిగా తీసింది చివరి గీత పడ్డాకే. మూడు గీతలూ చీమ తలంత చోట కలిసి ఉన్నాయి. నేను సంతోషంతో కేకేస్తానని ఆయన అనుకున్నాడేమో. నాకు ఏడుపే వచ్చింది. రెండు వారాలుగా నేను తిట్టుకుంటున్నది ఆ చివరి గీతను, దాని తప్పేమీ లేదు.

మిగతా రెండు రోజులూ ఇంట్లో సుత్తి చప్పుడే. కొత్త రేకు మీద నేను సూదితో గీరిన ప్రతి కలయికనూ తాత ఈసారి గోటితో తడిమి చూశాకే ఉలి పెట్టాడు. నాలుగో రోజు సాయంత్రానికి చింతపండుతో తోమితే రేకు దీపంలా మెరిసింది.

ఐదో రోజు పొద్దున ఇద్దరం బస్సెక్కాం. చిత్తూరులో ఇంకో బస్సు మారి, ఐరాల దగ్గర దిగి, వేరుశెనగ చేల గట్ల మీద నడిచి ఆ పల్లె చేరేసరికి తొమ్మిది దాటింది. పది గంటలకు ముహూర్తం అన్నారు. గుడి దగ్గర జనం విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. గర్భగుడిలో అమ్మవారు అప్పటికే నిలబడి ఉంది. పీఠం చుట్టూ అతుకులో పూసిన సున్నం ఇంకా ఆరలేదు.

గుడి పెద్ద ఎదురొచ్చి తాత చేతులు పట్టుకున్నాడు. ప్రతిష్ఠ చేయించే అయ్యవారికి ఇంకో ఊళ్ళో పనుందని తెల్లవారుజామునే కానిచ్చేశారట. తాత తెస్తాడో తేడోనని అన్న కొడుకు ముందురోజే చిత్తూరు అంగట్లో అచ్చుగుద్దిన రేకు తెచ్చి ఉంచాడట.

"ఏమనుకోవద్దప్పా" అన్నాడు పాపం ఆయన.

"అనుకునేదానికేముండాది. అమ్మ నిలబడింది గదా" అన్నాడు తాత. లోపలికి పోయి దండం పెట్టుకున్నాడు. పంక్తిలో కూర్చుని చిత్రాన్నం తిన్నాడు. ఉప్పు సరిపోయిందని కూడా అన్నాడు. నేను ముద్ద ముట్టలేదు. ఆ అచ్చురేకులో గీతలు కలిశాయో లేదో ఎవరైనా చూశారా అని అరవాలనిపించింది. పీఠం పగలగొట్టి తీసి చూపించాలనిపించింది. మా రేకు తాత సంచిలో గుడ్డ చుట్టుకుని ఉంది.

తిరిగి గట్ల మీద నడుస్తుంటే ఇక పట్టలేక అడిగాను. "అంత కష్టపడి ఎందుకు చేసినాం తాతా? ఎవరికోసరం?"

ఆయన నడక ఆపకుండానే అడిగాడు. "ఈ నాలుగు దినాలు నీ మనసు యాడికన్నా పొయ్యిందా?"

ఆలోచించాను. పోలేదు. ఆటలు గుర్తు రాలేదు, ఆకలి గుర్తు రాలేదు. "లేదు" అన్నాను.

"ఆ చుక్క కాడికి రావడమే పాపా పూజంటే. నువ్వొచ్చినావు గదా."

ఆ జవాబు నాకు నచ్చలేదు. మనసు కుదిరితే కుదిరింది, మా రేకుకు జరిగిన అన్యాయం సంగతేమిటి? నిజం చెప్పాలంటే ఈ వయసులోనూ ఆ జవాబు నాకు పూర్తిగా రుచించదు. కానీ దాన్ని కాదనడానికి సరిపోయే మాట కూడా నాకింతవరకూ దొరకలేదు.

చిత్తూరులో బస్సు మారి కిటికీ పక్కన కూర్చున్నాక చెప్పాను. "నేను అబద్ధం చెప్పినా తాతా. ఆ పొద్దు అది కలవలేదని నాకు తెలుసు."

"తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఉలి ఆడికి పొయినప్పుడే. గాడి రొండుగా చీలింది."

"మరి తప్పు నీదని ఎందుకు చెప్పినావు?"

"నాది కూడా. నీ సూదిగీతను గోటితో తడిమి సూసింటే ఆడనే తెలిసిండేది. సూడలా. నీకు కొండకు పోవాలని తొందర. నాకు మళ్ళీ పనొచ్చిందని తొందర."

"నన్ను తిట్టొచ్చు గదా?"

తాత నవ్వి, నా తలమీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. చంద్రగిరి వచ్చేదాకా నిద్రపోయాడు.

ఆ రేకును మా అమ్మ చిత్తూరులో పూజలో పెట్టుకుంది. అమ్మ తర్వాత మా చెల్లెలింటికి చేరింది. ఆమె కోడలు ప్రతి శుక్రవారం ఏదో పొడివేసి గట్టిగా తోముతుంది. ఉలిగీతలు సగం అరిగిపోయాయి. మెత్తగా తుడిస్తే చాలమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా, మెరుపు రాదు పెద్దత్తా అంటుంది. ఇంకొందరు ఫోనులో శ్రీచక్రం బొమ్మ పంపి, దీన్ని ఏ దిక్కున అంటిస్తే ఎన్ని రోజుల్లో పని జరుగుతుందని నన్ను అడుగుతారు. గీసినదాన్ని కదా, నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి కాగితం మీద గీసి చూడండి అంటాను. అలాంటి పెద్దావిడతో మనకెందుకని మళ్ళీ ఫోను చెయ్యరు. విసుగొస్తుంది. తాతకు ఇంత విసుగు ఎందుకు రాలేదో తెలియదు.

నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. జవాబు తప్పిన పిల్లల నోటుబుక్కులో చివరి వరసకు ఎర్రసిరా పెట్టి వదిలేయడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆ జవాబును అరచేత్తో మూసి, పైనుంచి ఒక్కొక్క వరసే చదవమనేదాన్ని. దానివల్ల నా దిద్దుబాటు ఎప్పుడూ ఆలస్యమయ్యేది, స్టాఫ్ రూములో అందరూ నవ్వేవారు. ఇంట్లో మాట పట్టింపులు వచ్చినా అంతే. ఎక్కడ చెడిందో అక్కడ కాకుండా, ఎక్కడ మొదలైందోనని వెనక్కి వెనక్కి పోతాను. నాతో వేగడం కష్టమని మా ఆయన అంటుంటారు, అది నిజమే.

ఆ రోజు బస్సులో తాత నన్ను నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కొట్టి ఉంటే ఆ తప్పు ఆ రోజుతో తీరిపోయేది, నేనూ మరిచిపోయేదాన్ని. ఆయన అలా తీర్చెయ్యలేదు. నాకే వదిలేసి నిద్రపోయాడు. అందుకే అది ఈనాటికీ నా దగ్గరే ఉంది, నా చేత పని చేయిస్తూనే ఉంది.